బెల్టు మీద విమానం

"ఎగరదు!" వుకాషిన్ బల్లను అరచేత్తో చరిచాడు. గ్లాసులో రాకియా సారా తొణికింది.

"ఎగురుతుంది వుకాషిన్ మావయ్యా," అన్నాడు ఓగ్నెన్, నాలుగోసారి.

దున్యాకు ఏడుపొక్కటే తక్కువ. ఓగ్నెన్ ఆమెను పెళ్లికి అడగడానికి వచ్చి గంటన్నర అయింది. పిల్ల తండ్రి వుకాషిన్ ఆ గ్లాసెత్తి తాగితే, ఆచారం ప్రకారం సంబంధం ఖాయం. ఆయన తాగకుండా ఈ చిక్కుప్రశ్న ఎత్తుకున్నాడు. పొడవాటి బెల్టు మీద విమానం. అది ఎంత వేగంగా ముందుకు పోబోతే, బెల్టు అంతే వేగంగా వెనక్కి తిరుగుతుంది. మరి విమానం లేస్తుందా?

"చక్కెర మిల్లులో ముప్పయ్యేళ్లు బెల్టులు తిప్పానోయ్. బెల్టుకి ఎదురు నడిచి చూడు, ఉన్నచోటే ఉంటావు."

"మనిషి కాళ్లతో నడుస్తాడు. విమానాన్ని చక్రాలు నడపవు మావయ్యా, ముందున్న పంకా గాలిని పట్టి లాగుతుంది. కాళ్లకు చక్రాలు కట్టుకుని బెల్టెక్కండి. ఎదుటి గోడకు కట్టిన తాడు పట్టి లాక్కోండి. ముందుకు రారూ?"

"ఆకాశంలో తాడెవడు కట్టాడోయ్? పొలాలకు మందు చల్లే విమానం నడుపుతావు, ఈపాటి తెలీదా? నా బల్ల దగ్గర నాకే పాఠాలా!"

కాఫీ వంకతో దున్యా ఓగ్నెన్‌ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఎగరదని ఒక్క మాట అనెయ్. నీ సొమ్మేం పోయింది?"

"అది అబద్ధం దున్యా."

"ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నువ్వూ అంతే. నేను కావాలా, ఆ దిక్కుమాలిన విమానం కావాలా?"

ఓగ్నెన్ వంటింట్లోంచి బయటికి వచ్చాడు. వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు.

"మీరే రైటు మావయ్యా. ఎగరదు."

దున్యా ఊపిరి పీల్చుకుంది. వుకాషిన్ గ్లాసెత్తాడు. వెలుతురుకు పట్టి చూశాడు. చుక్క ఒలకకుండా తిరిగి సీసాలో పోసేశాడు.

"అదేంటి నాన్నా! ఒప్పుకున్నాడుగా?"

"అందుకేనే. రేపు ఈదురుగాలిలో మందు చల్లమని పొలం ఆసామి గద్దిస్తాడు. ఈడు తెలిసీ సరే అంటాడు. నువ్వు విధవవై నల్లబట్టలు కట్టుకుని కూర్చుంటావు."

"ఎగరదని గంటనుంచీ అరిచింది నువ్వే కదా!"

వుకాషిన్ సీసాకు బిరడా బిగించాడు.

"ఎగురుతుందని నాకూ తెలుసు."