పలక వద్దన్న రోజు

"పలక ఏదమ్మా?" అని గుమ్మంలోనే ఆగి అడిగాడు చంద్రరావు.

"ఇవాళ వద్దన్నారండి" అంది నర్సు రూతు. "ఆయన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టకండి. ఈ ఏడాది రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టాం. షుగరు, ఆయాసం, మోకాళ్లు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చెవి మాత్రం కాకినాడ డాక్టరుగారి చలవ, ఇన్నేళ్లకి చీము ఆరింది."

"పలక లేకపోతే మేమొచ్చిన సంగతి ఎలా చెప్పడం?"

"మిమ్మల్ని చూస్తే తెలీదేంటండి?"

చూపు కూడా ఆనడం లేదు కాబోలు, అందుకే పలక మానేశారనుకున్నాడు చంద్రరావు. పాపం అనిపించింది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, వయసు మళ్లిన కేథలిక్ గురువులు ఉండే ఇల్లది. 1997 డిసెంబరు. క్రిస్మస్ ఇంకా పది రోజులుంది. రెల్లులంక నుంచి ఇరవై ముగ్గురు వ్యాను కట్టించుకుని సిల్వయ్య ఫాదర్‌ని చూడటానికి వచ్చారు. ఇటలీలో ఆయన పేరు సిల్వియో. లంకలో దిగిన వారానికే జనం ఆయన్ని సిల్వయ్యని చేసేశారు. పందొమ్మిదేళ్లు అక్కడే ఉన్నారు. బడి కట్టారు, వరదల్లో మనుషులతో పాటు గేదెల్ని కూడా పడవెక్కించారు. ఆ నీళ్లలో నాని నాని చెవుల్లో చీము పట్టింది. చివరికి పక్కన పిడుగు పడినా తలతిప్పనంత చెవుడు వచ్చింది. అప్పట్నుంచి ఎవరేం చెప్పాలన్నా పలక మీద రాయాల్సిందే. ఆయన మాత్రం అవతలి గట్టుకి వినపడేలా జవాబిచ్చేవారు.

చెవుడొచ్చాక ఆయన దగ్గర పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు చెప్పుకుని మన్నింపు పొందడానికి, గిరాకీ పెరిగింది. ఇది లంకలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఊళ్లో ఇప్పుడున్న కుర్ర ఫాదర్‌కి చెవులు చురుకు, జ్ఞాపకం ఇంకా చురుకు. అందుకని చిల్లర పాపాలు ఆయనకి చెప్పుకుని, అసలైనవి ఏడాదికోసారి ధవళేశ్వరం మోసుకొస్తారు. ఎంత పెద్ద పాపానికైనా సిల్వయ్య ఫాదర్ వేసే శిక్ష ఒకటే, మరియమ్మకి చెప్పుకునే మూడు మంగళవార్త జపాలు. మూడు వేళ్లు చూపించి పంపేస్తారు.

అందరికన్నా ముందు లోపలికి వెళ్లిన చంద్రరావు బయటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"ఏంటి బాబూ, మూడేగా?" అంది వరండాలో కూర్చున్న సంపూర్ణమ్మ.

"మూడు జపాలూ, ఇంకోటీ. ఇంటికెళ్లి మా తమ్ముడితో కలిసి కూర్చుని భోంచెయ్యమన్నారు." చంద్రరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "వాడితో నాకు మాటల్లేవని ఆయనకెలా తెలుసు పిన్నిగారూ? నేనిప్పుడేగా చెప్పింది."

"పరిశుద్ధాత్మ చెప్పి ఉంటాడులే."

చంద్రరావు ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

సంపూర్ణమ్మ ఒక్కొక్కరినీ ముందుకి పంపుతూ చివరికి మిగిలింది. లంకలో ఉన్నన్నాళ్లూ ఫాదర్‌కి వండిపెట్టిన మనిషి. ఆయనకిష్టమని బొమ్మిడాయల పులుసు కారేజీలో తెచ్చింది. దానికన్నా బరువైంది ఇంకొకటి ఇరవై తొమ్మిదేళ్లుగా గుండెలో మోస్తోంది. ఈ ఏడు చెప్పకపోతే వచ్చే ఏటికి ఆయనో తనో ఉండరని భయం పట్టుకుంది.

లోపల ఫాదర్ కిటికీ పక్కన పడకకుర్చీలో ఉన్నారు. గోదారి గాలి తగలకుండా చెవుల మీంచి మఫ్లరు చుట్టి ఉంది. ఆమెని చూడగానే ఆ ముఖం విప్పారింది. కేకేసి పిలుస్తారనుకుంది గానీ ఉత్తినే చెయ్యి చాపారు. ఆయాసానికి గొంతు కూడా పోయిందేమోనని ఆమెకి ఏడుపొచ్చింది. మఫ్లరు కింద చెవి దగ్గర్నుంచి సన్నటి తెల్లదారం ఒకటి జేబులోకి దిగి ఉంది. జపమాల కాబోలని కళ్లకద్దుకోబోతే, ఆయన చెయ్యి అడ్డంపెట్టి స్టూలు చూపించారు.

"అయ్యగారూ" అని మొదలుపెట్టింది సంపూర్ణమ్మ. వినపడదన్న ధైర్యంతో మాట తేలిగ్గానే వచ్చింది. "మీకీ చెవుడు నా వల్లేనండి. అరవై ఎనిమిదిలో బిషప్పుగారి వంటాయన నాతో అన్నాడు, మీ ఫాదర్‌గారిని చెవి ఆపరేషనుకి ఇటలీ పిలిపిస్తున్నారు, ఉత్తరం వస్తుంది, వెళ్తే మళ్లీ రారు అని. అప్పటికి బడికి కప్పు కూడా పడలేదండి. మీరెళ్లిపోతే మా పిల్లలు మళ్లీ గేదెల వెంట పోతారని భయమేసింది. నీలం కవరు వచ్చింది. మీరు తోటలో ఉన్నారు. దాన్ని పొయ్యిలో పెట్టేశానండి. ఆ మంట మీదే అన్నం వండి మీకు పెట్టాను."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మా పెద్దది ఆ బడిలోనే టీచరయింది. దాని పాఠం మీరొక్కసారి కూడా వినలేకపోయారు. అది తల్చుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగదండి."

తలెత్తి చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. గాలికేమోననుకుంది. ఆయన చెయ్యెత్తి, పాపవిమోచనం పలికి, ఎప్పట్లాగే మూడు వేళ్లు చూపించారు. సంపూర్ణమ్మకి ఒళ్లంతా తేలికైపోయింది. లేవబోతే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. ఆమె వైపు వంగి, రెల్లులంకలో ఎవరూ ఎన్నడూ విననంత మెల్లగా అన్నారు.

"రెండో ఉత్తరం నేనే పొయ్యిలో పెట్టాను, సంపూర్ణమ్మా."