బీరువాలో డబ్బా

"మీ టమాటా సాస్ తిన్న దగ్గర్నుంచీ పాపకి ఒకటే వాంతులు! ఆసుపత్రికి తీసుకొచ్చేశాం. అందులో ఏం కలిపారో కనుక్కోమంటోంది డాక్టరుగారు!"

ఫోనులో ఎదురింటి టీచరమ్మ ఏడుపు విని కోడలు అత్తగారి దగ్గరికి పరుగెత్తింది. అత్తాకోడళ్లు కలిసి కాచి వీధిలో అమ్మే సాస్ అది. సీసాల మీద 'మందులు కలపనిది' అని చీటీ అంటించేది అత్తగారు. నిలవ ఉండాలని, ఆవిడ అటు తిరగ్గానే చిటికెడు బెంజోయేట్ పొడి కలిపేది కోడలు.

"అత్తయ్యా, ఆ పాపకి ఏమైనా అయితే పాపం నాదే!" అంటూ బీరువాలో బట్టల వెనక దాచిన డబ్బా సంగతి కక్కేసింది.

ఇల్లెక్కి అరుస్తుందనుకున్న అత్తగారు అరవలేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నోరు మూసుకుని ఊరుకో. డాక్టరు దగ్గర ఆ పొడి ఊసెత్తావంటే చూడు."

"చెప్పకపోతే వైద్యం ఎలా చేస్తారు?"

"చెప్పి అందర్నీ బజారుకీడుస్తావా?"

దారి పొడుగునా కోడలి మోచెయ్యి వదల్లేదు ఆవిడ.

ఆసుపత్రిలో పాప చేతికి సెలైన్ సూది. కళ్లు మూతలు. ఆ చిన్న మొహం చూడగానే కోడలు అత్తగారి చెయ్యి విదిలించుకుంది.

"డాక్టరుగారూ, బెంజోయేట్ కలిపాను. చెయ్యి జారి ఎక్కువ పడిందేమో! నన్ను జైల్లో పెట్టించినా సరే, పాపని బతికించండి!"

డాక్టరు టీచరమ్మ తెచ్చిన సీసా మూత తిప్పింది. బుస్సుమని నురగ పొంగింది. గదంతా పులిసిన కంపు.

"ఇది పాడైపోయిన సాస్ అమ్మా. పాపకేం భయం లేదు, గండం గడిచింది. ఆ పొడి కొలత ప్రకారం వేస్తే ఎవరికీ ఏమీ కాదు. అసలు వేసుంటే ఇలా పులిసేదే కాదు. లేనిపోని అబద్ధాలెందుకు?"

"ఒట్టు! ఆ డబ్బాలోంచి నా చేత్తో నేనే తీసి వేశాను!"

అత్తగారు కోడలి చేతులు రెండూ పట్టుకుంది.

"నా కోసం దాచిన విషమనుకున్నానే తల్లీ... ఎప్పుడో పారబోసి, ఆ డబ్బాలో పంచదార పొడి నింపేశాను!"