కొయ్యని మడతలు

"ఇది చదివానన్నావుగా?" అంది హెస్టర్.

లెటీ టీ కప్పు దించి చూసింది. హెస్టర్ చేతిలో ఉన్నది హెస్టర్ రాసిన నవలే. తొమ్మిదోది. ఇప్పుడే లెటీ అలమారలోంచి తీసింది.

"చదివానని ఉత్తరం కూడా రాశాను కదే. ఒక్క రోజులో పూర్తిచేశానని, చివర్లో ఏడుపొచ్చిందని."

"ఆ ఏడుపు పన్నెండో పేజీకే వచ్చేసిందా?"

పుస్తకం లెటీ ఒళ్లో పడింది. పన్నెండో పేజీ తర్వాత అన్నీ మడతలే. అప్పట్లో ప్రెస్సువాళ్ళు పెద్ద కాగితాలను మడిచి కుట్టి అలాగే పంపేవాళ్ళు. చదివేవాళ్ళే కాగితాల కత్తితో ఒక్కో మడతా కోసుకుంటూ పోవాలి. మడత కొయ్యలేదంటే లోపలి పేజీలు చదవలేదనే.

"పేజీలు కొయ్యలేదు గానీ కోతలు మాత్రం బాగా కోశావు," అంది హెస్టర్.

"నేను రాసుకునేటప్పుడు ఇంకొకళ్ళవి చదవలేనే. నీ వాక్యాలు నా కలంలోకి వచ్చేస్తాయని భయం."

"ఆ భయం అక్కర్లేదు. ఇంతవరకూ వచ్చిన దాఖలాలు లేవు."

ఇంగ్లండులోని ఆ చెల్ట్‌నమ్ ఊళ్ళో నవలలు రాసే ఆడవాళ్ళు వాళ్ళిద్దరే. ఇరవై ఏళ్ళుగా ఒకరి పుస్తకం వస్తే మొదటి ప్రతి రెండోవాళ్ళకే చేరేది. పత్రికలవాళ్ళు ఎంత చీల్చి చెండాడినా హెస్టర్ లెక్కచేసేది కాదు. లెటీకి నచ్చింది, అది చాలు అనుకునేది. ఆ ఒక్క పాఠకురాలూ ఇప్పుడు లేకుండా పోయింది.

లెటీ భర్త ఆంబ్రోస్ మఫిన్ల పళ్ళెంతో వచ్చాడు. ఊళ్ళో పేరున్న వకీలు. ఒకప్పుడు ఈ ఇద్దరినీ ఒకే గొడుగు కింద షికారు తిప్పినవాడు.

"హెస్టర్ గారూ, మీ టీలో చక్కెర వెయ్యలేదు. మీకు పడదుగా."

"థాంక్సండీ," అంది హెస్టర్, అతని వైపు చూడకుండా. అతని పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళూ ఆమెకి అదే అలవాటు.

అతను వెళ్ళేదాకా ఆగి లెటీ అడిగింది. "సరే, నాది తప్పే. మరి నువ్వు నావన్నీ చదివావా?"

"ఏడింటికి ఏడూ. ప్రతి మడతా కోశాను."

"గురువారం టీకి మీ ఇంటికొచ్చి చూస్తాను."

"నిక్షేపంగా రా."

లెటీ ఒళ్లోని పుస్తకం తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "మిగతావాటి సంగతి ఏమో గానీ, నా మూడో పుస్తకం మాత్రం నువ్వు నిజంగా చదివావు. అది నాకు తెలుసు."

ఎలా తెలుసో హెస్టర్ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. గొడుగు తీసుకుని గబగబా ఇంటికొచ్చి, టోపీ అయినా తియ్యకుండా అలమార తెరిచింది. లెటీ నవలలు ఏడూ వరసగా ఉన్నాయి, తళతళలాడుతూ. ఒక్కదానికీ కత్తి తగల్లేదు.

మొదటి నాలుగు పేజీల్లోకీ, ముగింపులోకీ మడతల సందులోంచి తొంగిచూడటం, మెచ్చుకుంటూ ఉత్తరం రాసెయ్యటం. ఏడుసార్లూ ఇంతే. అదే పని చేసినందుకు ఇందాక లెటీని ఎన్ని మాటలంది. హెస్టర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా గురువారానికి ఇంకా రెండు రోజులే ఉంది. కత్తి తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

మొదటిది కోసింది. రెండోదీ కోసింది. మూడోది తీసినప్పుడు లెటీ మాట గుర్తొచ్చింది. పదిహేనేళ్ళ కిందట దానికి రాసిన ఉత్తరమూ గుర్తొచ్చింది: "రాత్రే ఆఖరి పేజీ దాకా చదివేశాను. చాలా సంతోషం కలిగింది." అన్నింటికీ ఇంచుమించు అదే రాసేది.

సగంలో ఒక మడత కొయ్యగానే కింది సందులోంచి ఎవరో లోపలికి దూర్చిన చిన్న కాగితం జారి ఒళ్లో పడింది. సిరా వెలిసింది గానీ దస్తూరి లెటీదే.

"హెస్టర్, మొహం మీద అడగలేక ఇక్కడ పెడుతున్నాను. నా పుస్తకం చేతికొచ్చిన రోజే చదివేస్తావుగా. ఆంబ్రోస్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. అతనంటే నీకూ ఇష్టమని నా అనుమానం. అదే నిజమైతే ఆదివారంలోగా ఒక్క మాట చెప్పు, నేను కాదనేస్తాను."