చిటికెనవేలు ఆనే చోటు

అద్దంకిలో వాద్యాలు బాగుచేసే వీరాచారి ఆ సాయంత్రం ఒక పాత బాంజోకి కొత్త మేకతోలు బిగించాడు. పాత తోలు మీద, తీగల పక్కన, నల్లటి మచ్చ ఉండేది. చనిపోయిన చెంచయ్య బాంజో వాయించేటప్పుడు చిటికెనవేలు ఎప్పుడూ అక్కడే ఆనించేవాడు.

"తోలు మార్చినా ఆ మచ్చ ఉన్న ముక్క నాకివ్వండి ఆచారిగారూ. ఆయన ఒంటి ఆనవాలు ఇంకేం మిగల్లేదు," అని చెంచయ్య భార్య కోటిరత్నం మరీమరీ చెప్పింది. వీరాచారి ఆ మాట మర్చిపోయి, పాత తోలును చెత్తతో కలిపి తగలబెట్టేశాడు.

రాత్రి కరెంటు పోయింది. రోడ్డు మీద మిరపకాయల లారీల రొద కూడా ఆగిపోయింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని, శ్రుతి చూద్దామని తీగ మీటాడు. ఖంగుమని మోగాల్సిన తీగ మొద్దుగా పలికి ఆగిపోయింది. వంగి చూశాడు. కొత్త తోలు ఒకచోట, చిటికెనవేలి కొనంత మేర, లోపలికి నొక్కుకుని ఉంది.

"పొరపాటైపోయింది చెంచయ్యగారూ," అన్నాడు వీరాచారి. "ఆ తోలుముక్కకి బదులు ఏదైనా ఇచ్చుకుంటానండి."

తోలు మెల్లగా పైకి లేచి సమంగా అయింది. మళ్లీ మీటితే తీగ చక్కగా మోగింది. వీరాచారి ఊపిరి పీల్చుకుని ఎడమచెయ్యి బల్ల మీద ఆనించాడు.

తీగ మోత ఇంకా ఆగలేదు. ఆ చేతి మీద చర్మం, చిటికెనవేలి కొనంత మేర, నెమ్మదిగా లోపలికి నొక్కుకుంది.