పదిహేడో నిమిషం

“పదిహేను!” అంది ల్యాబ్ టెక్నీషియన్, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

పక్కనున్న పరిశోధకుడు సీసాలోంచి ఒక చుక్క తీసి, గట్టిగా కుదిపి జతలను విడదీసి, పళ్ళెంలో పరిచాడు.

ఆ సీసాలో రెండు రకాల బాక్టీరియా. ఒకటి నిక్షేపంగా ఉంది. రెండోది తన పైపొరకు కావలసిన కొవ్వు తాను తయారుచేసుకోలేదు. బయటినుంచి పెడితేనే బతుకుతుంది. ల్యాబంతా దాన్ని సోమరిపోతు అంటారు. మొదటిది దానితో జతకట్టి, తన జన్యువులను వరసగా అందిస్తుంది. కొవ్వు జన్యువు ఎన్నో నిమిషంలో చేరితే జన్యువుల పటంలో దాని చోటు అదే. అది చేరిన సోమరిపోతు కొవ్వు లేని పళ్ళెంలోనూ మర్నాటికి పెరుగుతుంది.

మూడుసార్లు ఒకే నిమిషం వస్తే పని అయిపోయినట్టే. వేరే ఊరి ల్యాబ్ నుంచి వచ్చిన అతను మూటాముల్లె సర్దుకుంటాడు.

మొదటిసారి పదిహేడు వచ్చింది. ఇంకో రెండుసార్లు ఇదే వస్తే అతను వెళ్ళిపోతాడని ఆ రోజే ఆమెకు తట్టింది. అప్పటినుంచి నిమిషాలను కాస్త ముందో వెనకో పిలుస్తోంది. ఏడు నెలలు గడిచాయి. “ఈ జన్యువుకి కాళ్ళొచ్చాయా ఏంటి?” అని పెద్ద సారు తల పట్టుకున్నారు. అతను మాత్రం విసుక్కోడు. “పళ్ళేల మీద నంబర్లు నేనే వేస్తా. మీ రాత కోడి కెలికినట్టుంటుంది” అని ఆటపట్టిస్తాడు.

ఈ పొద్దున అతను ఫోన్లో మాట్లాడడం ఆమె వింది. “ఇంకా తేలలేదమ్మా. ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తే ఇచ్చేయనీ.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తన మూలంగా అతని బతుకు ఆగిపోతోంది. ఇక చాలనుకుంది.

“ఏంటండీ, ఇవాళ మాటల్లేవు?” అన్నాడతను.

“నిమిషం తప్పుతానేమోనని.”

“తప్పితే మళ్ళీ చేద్దాం, పోయేదేముంది?”

ఆమె కళ్ళు మసకబారాయి. “పదిహేడు!” అంది, సరిగ్గా పదిహేడో నిమిషంలో.

మర్నాడు ఆమె తలుపు దాటి లోపలికి రాలేదు. ఇంకొక్కసారి పదిహేడొస్తే ఈ బల్ల దగ్గర ఒక్క స్టూలే ఉంటుంది. తలుపు దగ్గరే నిలబడి, “ఎంతొచ్చింది?” అంది.

అతను పళ్ళేల మీంచి తల ఎత్తలేదు.

“ఇరవై మూడు. మళ్ళీ మొదటికొచ్చిందండీ. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలేమో.”

నిన్న ఆమె ఒక్క నిమిషం కూడా తప్పు పిలవలేదు.