టీ పక్కన హెచ్

"మళ్ళ ఆగిపోయిందన్నా. శక్తి లేదంటున్నది," అంది హరిణి, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

"లేకుండ ఎట్ల పోతది? నిన్ననే గదా కొత్త దాంట్ల పెట్టిచ్చినం," అన్నాడు అవతలి నుంచి జితేందర్.

సూరత్‌లోని ఆ ఆసుపత్రి కింది అంతస్తులో రెండు సర్వర్ల మధ్య ఇరుకులో నిలబడి ఉంది హరిణి. పాత సర్వర్ డిస్కులు ఈ పూటో రేపో అన్నట్టున్నాయి. కోవిడ్ వార్డు ప్రోగ్రాం నడుస్తున్నది అందులోనే. ముప్ఫై మంచాల ఆక్సిజన్ అంకెలు దాని ద్వారానే నర్సుల ముందున్న తెర మీదికి వస్తాయి. అంకె పడిపోతే గంట మోగుతుంది. ఆ ప్రోగ్రాంను ఆపకుండా, నడుస్తుండగానే కొత్త సర్వర్‌లోకి మార్చాలి. అలా మారాలంటే డేటా దాచే చోటుకు రెండింట్లోనూ ఒకే పేరుండాలి. ఆ పేరే శక్తి.

"పది నిమిషాలు బంద్ చేసి మారుద్దమా అన్నా?"

"వద్దు." కాసేపు ఆగాడు. "పైన ఉన్నది ఇద్దరే నర్సులు. ముప్ఫై మందిని ఎట్ల చూస్తరు? నడుస్తుండంగనే మార్చాలె."

పట్టుబడితే వదిలే మనిషి కాదు. గోడాదరా పేటలో కూలికి చీరలకు స్టిక్కర్లు అంటించుకుంటున్న హరిణిని ఈ పనిలో పెట్టిందీ, పని నేర్పిందీ ఆయనే. వారం కిందట జ్వరమని సెలవు పెట్టినా ఫోన్‌లో మాత్రం వదలడం లేదు. నాలుగు మాటలకోసారి ఆగుతున్నాడు. కోసాడ్‌లోని ఆయన ఇంట్లో సిగ్నల్ ఎప్పుడూ ఇంతేనని హరిణి సరిపెట్టుకుంది.

"పేరు మంచిగ చూసినవా?"

"నాలుగు సార్లు చూసిన. దీంట్ల శక్తి, దాంట్ల శక్తి."

ఇక ఫోన్ పెట్టెయ్యమని అవతల ఎవరో ఆడమనిషి హిందీలో గదమాయించింది. "బస్, అబ్ ఫోన్ రఖో!"

"ఎవరన్నా?"

"ఉన్నది ఒకామె. మస్తు కోపం. నువ్వు జర జల్ది కానీ."

హరిణికి నవ్వొచ్చింది. ఒంటరివాడైన జితేందర్‌కు ఇంటి ఓనరమ్మ చీవాట్లు కొత్త కాదు.

"కొత్త దాంట్ల పేరు... ఒక్కో అక్షరం సదువు," అన్నాడు.

"ఎస్, హెచ్, ఏ, కే, టీ, ఐ."

"హెచ్ ఏది?"

"చెప్పిన గదా, ఎస్ పక్కన."

"అది కాదు చెల్లె. టీ పక్కన."

హరిణి పాత సర్వర్ తెర వైపు తిరిగింది. అక్కడ టీ పక్కన హెచ్ ఉంది. పాతదానికి పేరు పెట్టింది జితేందర్. కొత్తదాన్ని బిగించి పేరు పెట్టిందేమో ఒక గుజరాతీ భాయ్. నోటితో చదివితే రెండూ శక్తే! తన నెత్తి తనే మొట్టుకుంది.

"మనకు 'త' అంటే టీ, హెచ్. ఈళ్ళకు ఉత్త టీ," జితేందర్ నవ్వబోయి దగ్గాడు. "నా పేరుల గూడ హెచ్ ఉంటది. ఇక్కడోళ్ళు తీసేసినప్పుడల్లా కొట్లాడి పెట్టిచ్చుకుంట. కొత్త దాంట్ల ఇంకేం లేదు గదా, ఆ పేరు తీసేసి హెచ్‌తోని పెట్టు."

పెట్టింది. తెర మీద గీత మెల్లగా కదిలింది. సగం దగ్గర కాస్త తటపటాయించి మళ్ళీ నడిచింది. హరిణి చూస్తుండగానే చివరిదాకా నిండింది. వార్డు ప్రోగ్రాం ఆగకుండానే కొత్త చోటికి చేరింది.

"అయిందన్నా!" హరిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లాక్‌డౌన్‌ల మా బాపు మగ్గం ఆగినా మా పొయ్యి ఆగలే. అది నువ్వు నేర్పిన పనేనన్నా. నీ మేలు ఎన్నటికీ మర్వ. రేపు కోసాడ్ వచ్చి, జొన్నరొట్టెల డబ్బా నీ తలుపు ముంగట పెట్టి పోత."

"ఇప్పుడే వద్దు. నేను చెప్పినంక తే." ఆయన గొంతు సన్నబడింది. "థాంక్స్ చెల్లె. మస్తు థాంక్స్."

"నువ్వు నాకెందుకు చెప్తున్నవన్నా?"

అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

అంకెలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని హరిణి వార్డు తెరను మొదటిసారి తన లాప్‌టాప్‌లో తెరిచింది. ఒక్కో మంచం, దాని పక్కన ఇంగ్లిషులో మనిషి పేరు, ఆ పక్కన ఆక్సిజన్ అంకె. అన్నీ కదులుతున్నాయి. దేవుడికి దండం పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ కిందికి వచ్చింది.

పన్నెండో మంచం మీది జితేందర్ పేరులో టీ పక్కన హెచ్ ఉంది.