గండిలో అత్తగారు

"అత్తా, లేవండి! బురదలో బండి ఆగదు!"

బుల్డోజరు మీంచి అల్లుడు గొంతు చించుకున్నాడు. కట్టలో మిగిలిన ఆఖరి గండికి అడ్డంగా, ఆ బురదలోనే అత్తగారు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆగకపోతే నా మీంచే పోనియ్యి. తర్వాత నీ పెళ్లానికి నువ్వే చెప్పుకో."

అల్లుడికి ముచ్చెమటలు పోశాయి. సముద్రపు నీళ్లు మడచెట్ల దాకా వెళ్లడానికి ఉన్న దారి ఆ గండి ఒక్కటే. అది పూడితే లోపలి నేలంతా ఎండి, రిసార్టు గదులకు చదునైపోతుంది. ఇది మడ నేలో, బీడు నేలో తేల్చడానికి ఎల్లుండి కోర్టు తరఫున మనుషులు వస్తారు. వాళ్లకు తడి కనబడకూడదని రిసార్టు మేనేజరు ఆరాటం. కనబడి తీరాలని అత్తగారి పంతం. మధ్యలో నలుగుతున్నది అల్లుడు.

"ఏమయ్యా, ఇంకా చూస్తావేం? సముద్రం పోటెత్తితే ఇవాళ్టికి పని గోవిందా!" గట్టు మీంచి మేనేజరు అరిచాడు.

"మా అత్తగారు సార్."

"అయితే? నీకు జీతం ఆవిడిస్తోందా?"

మేనేజరు సైగ చేస్తే వాచ్‌మన్లిద్దరూ గండిలోకి దిగారు. "నా మీద చెయ్యి పడిందో, ఇద్దరూ పోలీస్ స్టేషన్లో తేలతారు" అంది అత్తగారు. పాపం, వచ్చిన దారినే గట్టెక్కారు.

"నా ఉద్యోగం పోతే పిల్లలు ఏం తింటారత్తా?"

"ఈ నీళ్లు పోతే నేనేం తినాలి? పీత దొరుకుతుందా, రొయ్య దొరుకుతుందా? మడచెట్లు లేకపోతే రేపు తుఫానుకి మీ ఇల్లు నిలుస్తుందా?"

అంతలో కింద బురద జారింది. బుల్డోజరు దానంతటదే ముందుకు కదిలింది. అల్లుడు రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడిపోయాడు. ముందున్న ఇనప రేకు అత్తగారి మోకాలికి జానెడు దూరంలో ఆగింది. ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది గానీ లేవలేదు. అల్లుడికి ఏడుపొచ్చేసింది. ఇంజను ఆపి కిందికి దూకాడు.

"నా వల్ల కాదు సార్."

"అయితే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు. ఇంకో డ్రైవరొస్తాడు. వాడికి ఈవిడ అత్తా కాదు, చుట్టమూ కాదు!"

అప్పటికే నీళ్లు గండిలోకి ఎక్కుతున్నాయి. మేనేజరు బూట్లు చేత పట్టుకుని, తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అల్లుడు చెయ్యందించి ఆమెను లేపాడు.

"ఇవాళ నేను కాబట్టి ఆపాను. రేపు అతను ఆపడు. మీ కాళ్లు పట్టుకుంటాను, రేపు మాత్రం రాకండి అత్తా."

ఆమె మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది. "ఎవరా వచ్చేవాడు?"

"ఇంకెవరు? మీ చిన్నమ్మాయిని చేసుకుంటానని ఏడాదిగా మీ వాకిట్లో తచ్చాడుతున్నాడే, అది కూడా అతన్నే చేసుకుంటానని ఏడుస్తుంటే మీరు ససేమిరా అంటున్నారే, ఆ పొడుగు కుర్రాడే."

అత్తగారు తడిసిన చీర అంచు పిండుకుని చెయ్యి చాపింది.

"నీ ఫోనిలా ఇయ్యి. చిన్నదానితో మాట్లాడాలి."

"ఇప్పుడా? ఏం చెబుతారు?"

"కుర్రాడు నాకు నచ్చాడని. పొద్దున బండెక్కేలోపే వాడు నన్ను అత్తా అని పిలవాలి!"